టమాటాకు పట్టింది ఏ వైరసో తేల్చుకోవడం ఎలా?

ముడుచుకుపోయిన ఆకు ఫోటో ఒకటి పంపి "ఇదేం వైరసండీ?" అని అడుగుతుంటారు. ఒక్క ఫోటో చూసి టక్కున పేరు చెప్పేసేవాళ్లను నమ్మకండి. మొక్క తన బాధ చెప్పుకోవడానికి పసుపు, ముడత, మచ్చ, గిడసబారడం లాంటి నాలుగైదు గుర్తులే ఉన్నాయి. వైరస్ పట్టినా, కలుపు మందు తగిలినా, నల్లి పీల్చినా, మెగ్నీషియం చాలకపోయినా వాటినే అటూ ఇటూ తిప్పి చూపిస్తుంది.

అందుకని నేను ముందు పేరు జోలికి పోను. ఆ జబ్బు మొక్క దాకా ఏ దారిన వచ్చిందో చూస్తాను. టమాటాను పట్టే వైరస్‌లు వందకు పైనే ఉన్నా, ఎక్కువగా కనిపించేవి వచ్చే దారులు నాలుగే: తెల్లదోమ, తామర పురుగు, పేనుబంక, చివరగా మన చేతులు (వాటితో పాటు పనిముట్లు, విత్తనం). దారి దొరికితే అనుమానించాల్సిన పేర్లు మూడు నాలుగుకు తగ్గిపోతాయి. మిరప, క్యాప్సికం, వంగ, బంగాళాదుంప, పొగాకు కూడా టమాటా కుటుంబమే కాబట్టి ఈ పద్ధతి వాటికీ పనికొస్తుంది.

చేతిలో ఉండాల్సినవి: పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక తెల్ల కాగితం, బ్లేడు, గాజు గ్లాసులో మంచి నీళ్లు, నోట్‌బుక్. ఫోన్ ఎలాగూ ఉంటుంది.

1. ముట్టుకోకుండా ముందు మొత్తం చూడండి

జబ్బు మొక్క కనబడగానే చెయ్యి దాని మీదకే పోతుంది. ఆగండి. చేతులతో అంటుకునే రకం వైరసే అయితే, అది తర్వాత తాకిన మొక్కలకూ అంటుతుంది. బాగున్న వైపు నుంచి మొదలుపెట్టి, జబ్బు ఉన్న వైపుకు చివర్లో వెళ్లండి. ఐదారు చోట్ల ఇరవయ్యేసి మొక్కలు లెక్కపెట్టి, ఎన్నింటికి లక్షణాలు ఉన్నాయో, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద ఒక గీత బొమ్మలా వేసుకోండి. కుండీలైనా, పాలీహౌస్ అయినా ఇదే పని.

ఈ బొమ్మ చాలా చెబుతుంది. అన్ని మొక్కలూ ఒకే రోజు, ఒకే తీరుగా పాడైతే అది వైరస్ కాదనే అనుకోవచ్చు. మందో, ఎరువో, నీరో, చలో అయ్యుంటుంది. అంచుల్లో ఎక్కువగా ఉండి లోపలికి పోయేకొద్దీ తగ్గితే బయటి నుంచి ఎగిరొచ్చిన పురుగు పని. ఒకే సాలు వెంట వరసగా ఉంటే, కొమ్మలు కత్తిరించిన చేయో, తాడు కట్టిన చేయో మోసుకెళ్లినట్టు. నాటిన కొద్ది రోజులకే అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తే నారుమడిని, విత్తనాన్ని అనుమానించాలి.

వారం తర్వాత అదే బొమ్మ మళ్లీ వేయండి. వైరస్ అయితే పట్టిన మొక్కలు కోలుకోవు, పక్కన కొత్తవి చేరతాయి. ఈ రెండో బొమ్మ వేసే ఓపిక చాలామందికి ఉండదు. నాకు మాత్రం చాలాసార్లు ఖరీదైన టెస్టు కన్నా ఇదే ముందు దారి చూపింది.

2. వైరస్ కానివాటిని పక్కన పెట్టండి

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. నేనూ పొరబడ్డాను. ఒకసారి టమాటా చిగుళ్లు తాడు పురుల్లా సన్నగా సాగి మెలిపడి ఉంటే, చూడగానే కుకుంబర్ మొజాయిక్ అనే వైరస్ అని రాసిచ్చేశాను. రెండు మూడు వారాలకు అవే మొక్కల నుంచి శుభ్రమైన కొత్త ఆకులు వచ్చాయి. ఆరా తీస్తే, కలుపు మందు కొట్టిన స్ప్రేయర్‌నే సరిగ్గా కడగకుండా పురుగు మందుకు వాడారని తేలింది. 2,4-డి లాంటి కలుపు మందులు టమాటాకు చాలా తక్కువ మోతాదులో తగిలినా ఆకులు సన్నబడి, ఈనెలు దగ్గరదగ్గరగా సమాంతరంగా వచ్చినట్టు కనిపిస్తాయి. ఆ రోజు చుట్టూ ఉన్న వెడల్పాకు కలుపు మొక్కల్ని చూసి ఉంటే సరిపోయేది. అవీ మెలిపడే ఉన్నాయి.

మిగతా వేషగాళ్లను ఇలా పట్టుకోండి:

నల్లి: మిరపలో ఆకు అంచులు కిందికి ముడిచి, తిరగేసిన పడవలా ఉంటే నల్లి. రైతులు దీన్ని కింది ముడత అంటారు. ఆకు పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు పీల్చినందువల్ల. మిరప ఆకుముడత వైరస్‌లో కూడా ఆకు పైకే ముడుచుకుంటుంది, చిక్కు అక్కడే. పురుగు అదుపులోకి వచ్చాక కొత్త చిగురు బాగా వస్తే పురుగే కారణం. చిగురు మళ్లీ చిన్నగా, పాలిపోయి, ఈనెలు ఉబ్బి వస్తే వైరస్.

పోషకాల లోపం: మెగ్నీషియం తగ్గితే కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపవుతుంది. ఇనుము తగ్గితే అదే తీరు లేత ఆకుల్లో కనిపిస్తుంది. లోపం ఉన్నప్పుడు చుట్టుపక్కల మొక్కలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

వేడికీ నీటి తేడాకీ వచ్చే ముడత: కొమ్మలు ఎక్కువగా కత్తిరించాక, ఎండ ముదిరినప్పుడు టమాటా కింది ఆకులు దళసరిగా మారి గొట్టంలా చుట్టుకుంటాయి. రంగు మారదు, పైన చిగురు బాగుంటుంది, కాపూ తగ్గదు. దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

వడలిపోవడం: మొక్క పచ్చగా ఉండగానే వాలిపోతే మొదలు దగ్గర కాండాన్ని కోసి, ముక్కను గ్లాసు నీళ్లలో నిలువుగా వేలాడదీయండి. కొన్ని నిమిషాల్లో తెల్లటి పాలదారంలా కిందికి జారితే అది బాక్టీరియా వడలు తెగులు.

వంగలో వెర్రి తెగులు: ఆకులు మరీ చిన్నవైపోయి గుబురుగా మారడాన్ని వైరస్ అనే అనుకుంటారు. అది ఫైటోప్లాస్మా అనే వేరే జీవి, ఆకు దోమలు మోస్తాయి. టమాటాలో మొగ్గలు ఉబ్బి పచ్చగా ఉండిపోయే జబ్బు కూడా ఈ జాతిదే.

ఒకే కొమ్మ మీద తెల్ల, పసుపు చారలు వచ్చి, పక్క మొక్కకు పాకకుండా ఏళ్లు పెట్టినా అక్కడే ఉండిపోతే అది జన్యుపరమైన తేడా. ఫోటో తీసుకుని వదిలేయండి.

3. ఆకు తిరగేయండి

లేత ఆకుల అడుగున చూడాలి, పొద్దున్నే చూడాలి. ఎండెక్కాక పురుగులు చురుగ్గా ఎగిరిపోతాయి. మొక్కను తట్టగానే తెల్లటి పొడిలా లేచి మళ్లీ వాలేవి తెల్లదోమలు. పువ్వును, చిగురును తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి గీతల్లా కదిలేవి తామర పురుగులు. గుంపుగా అతుక్కుని, జిగురు కార్చేవి పేనుబంక. నల్లికి భూతద్దం తప్పదు.

పురుగు కనిపించకపోవడం కూడా ఒక ఆధారమే. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

4. దారిని బట్టి గుంపును పట్టుకోండి

తెల్లదోమ దారి. చిగురాకులు చిన్నవై, గిన్నెలా పైకి ముడుచుకుని, అంచులు పసుపెక్కి, కణుపులు దగ్గరపడి మొక్క పొదలా మారితే ఆకుముడత వైరస్‌లు, అంటే బిగోమోవైరస్‌లు. టొమాటో ఎల్లో లీఫ్ కర్ల్ వైరస్, టొమాటో లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరస్ ఈ గుంపువే. పూత రాలిపోతుంది, అప్పటికే కాసిన కాయలు మాత్రం చూడ్డానికి మామూలుగానే ఉంటాయి. కాయ మీద వలయాలు, చారలు ఉంటే ఈ గుంపు ఒక్కటే కారణమని అనుకోకండి. జబ్బు మొక్కను పావుగంట నుంచి అరగంట పీల్చినా చాలు, దోమకు వైరస్ ఎక్కుతుంది. దాదాపు ఒక రోజు ఆగి, ఇక బతికినంత కాలం అది వైరస్‌ను పంచుతూనే ఉంటుంది. వైరస్ ఎక్కిన రెండు మూడు వారాలకు గానీ ముడత కంటికి కనబడదు. కాబట్టి ఈరోజు కనిపించిన ముడత దోషి ఈరోజు కనిపించే దోమ కాకపోవచ్చు.

తెల్లదోమే మోసే ఇంకో గుంపు ఉంది: టొమాటో క్లోరోసిస్ వైరస్, దాని చుట్టాలు. ఇవి అచ్చం మెగ్నీషియం లోపంలా కింది ఆకుల నుంచి మొదలవుతాయి. తేడా ఏమిటంటే, ఆకు మడిస్తే పెళుసుగా విరుగుతుంది. మెగ్నీషియం కొట్టినా మెరుగుపడదు. పసుపు మొక్కల పక్కనే పచ్చటి మొక్కలు ఉంటాయి. ఎన్నో తోటల్లో నెలల తరబడి దీనికి ఎరువు వేస్తూ పోతారు.

తామర పురుగు దారి. లేత ఆకులు కంచు రంగుకు తిరిగి, సన్నటి నల్ల చుక్కలు పడి, తల ఒక పక్కకు వాలుతుంది. కాడ మీద గోధుమ రంగు చారలు దిగుతాయి. కాయ పండేటప్పుడు ఎరుపు, పసుపు వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి గీసినట్టు కనిపిస్తాయి. ఇన్ని కలిస్తే టొమాటో స్పాటెడ్ విల్ట్ వైరసో, దాని చుట్టమో. ఈ జబ్బును మొదట 1915లో ఆస్ట్రేలియాలో గమనించారు. వెయ్యికి పైగా మొక్క జాతులను పట్టగలదు. ఈ పురుగు పిల్ల దశలో తింటేనే వైరస్ ఎక్కుతుంది. పెద్దదయ్యాక జబ్బు మొక్కను ఎంత పీల్చినా అది వాహకం కాదు. కానీ పిల్లగా ఎక్కించుకున్న పురుగు రెక్కలొచ్చాక జీవితాంతం పంచుతుంది. అంటే వైరస్ ఎక్కిన తామర పురుగు పుట్టింది మరో మొక్క మీద, బహుశా గట్టు మీది కలుపు మీద.

వైరస్ పేరులో ఉన్న పంటను చూసి మోసపోకండి. గ్రౌండ్‌నట్ బడ్ నెక్రోసిస్ వైరస్ పేరులో వేరుశనగ ఉంది, అది టమాటాలో కూడా చిగురు మాడ్చేస్తుంది. కుకుంబర్ మొజాయిక్‌కూ దోసకూ అంతే సంబంధం. మొదట ఎక్కడ దొరికితే ఆ పేరు పెట్టేశారు, వైరస్ ఆ పేరుకు కట్టుబడి ఉండదు.

పేనుబంక దారి. కుకుంబర్ మొజాయిక్ వైరస్, పొటాటో వైరస్ వై ముఖ్యమైనవి. మొదటిదాని గుర్తు ఆకు పలక దాదాపు మాయమై, ఈనె మాత్రమే బూటు లేసులా మిగలడం. రెండోది మిరపలో ఈనెల వెంట ముదురు ఆకుపచ్చ పట్టీలు, టమాటాలో ఎండిన మచ్చలు చూపిస్తుంది. పురుగు కనిపించకపోవడం కూడా ఆధారమే అన్నది వీటి గురించే. పేనుబంక ఒక ఆకును కొన్ని సెకన్లు పొడిచి రుచి చూస్తే చాలు, వైరస్ దాని నోటికి అంటుతుంది. పక్క మొక్కను రుచి చూడగానే దిగిపోతుంది. రెక్కల పేనుబంక మీ పంటను నచ్చక వెళ్లిపోయినా, పోతూ పోతూ జబ్బు అంటించి పోతుంది. పురుగు మందు కొట్టినా ఇది ఆగకపోవడానికి కారణం అదే. మందు పనిచేసేలోపే పొడవడం అయిపోతుంది.

చేతుల దారి. పురుగు లేదు, కానీ ఆకుల్లో లేత, ముదురు ఆకుపచ్చ మొజాయిక్ ఉంది, జబ్బు సాలు వెంట నడుస్తోంది. అప్పుడు టోబమోవైరస్‌లు. ఈ ఇంటికి పెద్ద టొబాకో మొజాయిక్ వైరస్. వైరస్ అనే ఊహ పుట్టిందే దీని వల్ల: 1892లో ఇవనోవ్‌స్కీ, 1898లో బెయెరింక్ అనే శాస్త్రవేత్తలు జబ్బు పొగాకు రసాన్ని బాక్టీరియాను ఆపేసే జల్లెడ గుండా వడకట్టినా అది జబ్బు తెప్పిస్తూనే ఉందని చూపారు. 1935లో స్టాన్లీ అనే శాస్త్రవేత్త దాన్ని స్ఫటికాలుగా వేరు చేశాడు. అంత గట్టి పిండం కాబట్టే ఎండిన ఆకులో ఏళ్ల తరబడి, బట్టల మీద, కత్తెర మీద, విత్తనం పై పొరలో నిలిచి ఉంటుంది.

ఈ ఇంట్లో ఇప్పుడు అందరినీ భయపెడుతున్నది టొమాటో బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్. 2014లో ఇజ్రాయెల్‌లో, 2015లో జోర్డాన్‌లో మొదటిసారి కనబడింది. కాయ మీద గోధుమ రంగు గరుకు ముడతలు, పసుపు మరకలు దీని లక్షణం. దీన్ని అనుమానించడానికి మంచి ఆధారం విత్తన ప్యాకెట్ మీదే ఉంటుంది. టమాటా మొజాయిక్‌ను తట్టుకునే రకమని రాసి ఉండి, అయినా మొజాయిక్ వచ్చిందంటే ముందు దీన్నే తలచుకోండి. ఎందుకంటే ఆ రకాల్లో వాడే టీఎం-2 స్క్వేర్ జన్యువును ఇది దాటేస్తుంది. అందుకే ప్యాకెట్లు పారేయొద్దంటాను.

పెపినో మొజాయిక్ వైరస్ కూడా చేతులతోనే పాకుతుంది. అది వేరే కుటుంబం. పండు రంగు పాలరాయిలా మచ్చలు మచ్చలుగా తేలుతుంది. క్యాప్సికంలో ఆకులు దాదాపు బాగుండి కాయలు మాత్రం గడ్డలు కట్టి, రంగు తేలకపోతే పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్‌ను అనుమానించండి.

ఇక్కడ ఒక చిక్కు. పొలంలో ఒకే వైరస్ ఉండాలని రూలేమీ లేదు. టొమాటో మొజాయిక్, పొటాటో వైరస్ ఎక్స్ కలిసి పట్టిన టమాటాలో కాడ నిండా నల్ల చారలు పడతాయి. ఏ ఒక్కటి విడిగా పట్టినా అంత దారుణంగా ఉండదు. లక్షణాలు ఏ వర్ణనకూ సరిగ్గా సరిపోకపోతే రెండు ఉన్నాయేమో అని ఆలోచించండి.

5. స్ట్రిప్ టెస్ట్ చేసి చూడండి

ఇంట్లో గర్భ నిర్ధారణకు వాడే పట్టీ లాంటిదే ఇది. ఆకును ద్రావణంతో పాటు సంచిలో నలిపి పట్టీ ముంచితే కొన్ని నిమిషాల్లో గీతలు వస్తాయి. పట్టీ సరిగా పనిచేస్తోందని చూపే కంట్రోల్ గీత రాకపోతే ఆ పట్టీ పనికిరాదు, పారేయండి. బాగున్న మొక్క ఆకుతో కూడా ఒక పట్టీ చేయండి, లేకపోతే వచ్చిన లేత గీతను నమ్మాలో వద్దో తెలియదు.

పట్టీ పేరుకు ఒక వైరస్‌దైనా దాని చుట్టాలకూ గీత చూపిస్తుంది. టొబాకో మొజాయిక్ పట్టీ, టొమాటో మొజాయిక్‌కూ బ్రౌన్ రుగోస్‌కూ కూడా పాజిటివ్ రావచ్చు. అందుకని ఇది ఇంటి పేరు వరకే చెబుతుంది. ఇక నెగెటివ్ వస్తే "వైరస్ లేదు" అనుకోకూడదు. ఆ పట్టీ వెతికే వైరస్ ఆ ఆకులో దొరకలేదని మాత్రమే దాని అర్థం.

పట్టీలు దొరకని చోట పాతకాలపు పద్ధతి ఉంది: సూచిక మొక్కలు. జబ్బు ఆకు రసాన్ని నికోటియానా గ్లుటినోసా (పొగాకు జాతి మొక్క) ఆకు మీద సన్నటి రాపిడి పొడితో రుద్దితే, టొబాకో మొజాయిక్ అయితే రెండు మూడు రోజుల్లో రుద్దిన చోటే చిన్న మాడిన చుక్కలు వస్తాయి. కుకుంబర్ మొజాయిక్ అయితే చుక్కలు ఉండవు, తర్వాత కొత్త ఆకులన్నీ మొజాయిక్ అవుతాయి. 1929లో హోమ్స్ అనే శాస్త్రవేత్త ఈ చుక్కలు లెక్కపెట్టి వైరస్ ఎంత ఉందో కొలిచాడు. కానీ టమాటాలో పసుపు ఆకుముడత తెచ్చే రకాలు రసంతో రుద్దితే తేలిగ్గా అంటవు, వాటికి ఈ పద్ధతి పనిచేయదు. సూచిక మొక్కలను పంటకు దూరంగా పెంచాలని వేరే చెప్పక్కర్లేదు.

6. ల్యాబ్‌కు పంపే నమూనా

ల్యాబ్ తప్పుల కన్నా నమూనా తప్పులే ఎక్కువ. పూర్తిగా మాడిపోయిన ఆకు పంపితే అందులో వెతకడానికి ఏమీ మిగలదు. లక్షణాలు అప్పుడే మొదలవుతున్న మొక్క నుంచి తీయండి. ఆకుముడతకు, మొజాయిక్‌కు లేత ఆకులు. కింది నుంచి పసుపెక్కే క్లోరోసిస్‌కు మధ్య, ముదురు ఆకులు. స్పాటెడ్ విల్ట్ మొక్క అంతటా సమంగా ఉండదు, కాబట్టి మచ్చ, దాని అంచు, కాయ అన్నీ కలిపి పంపండి. నాలుగైదు మొక్కల నుంచి విడివిడిగా, బాగున్న మొక్క నుంచి ఒకటి. ఒక్కో మొక్కకు చేతి తొడుగు మార్చండి.

తడి గుడ్డ చుట్టొద్దు, ఆకు దారిలోనే కుళ్లిపోతుంది. పొడి టిష్యూలో చుట్టి, సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. డీప్ ఫ్రీజ్ వద్దు, కరిగేటప్పుడు ఆకు నీరుకారిపోతుంది. సంచి మీద పంట, రకం, నాటిన తేదీ, మొదట లక్షణం చూసిన తేదీ, ఇటీవల కొట్టిన మందులు రాయండి. మీ గీత బొమ్మ, ఫోటోలు జత చేయండి. ఏం వెతకాలో ల్యాబ్ వాళ్లకు తెలిసేది వాటితోనే.

ఏ టెస్టు అడగాలో కూడా తెలిసి ఉండాలి. ఎలైసా (వైరస్ ప్రొటీన్‌ను యాంటీబాడీలతో పట్టే పరీక్ష) 1977 నుంచి మొక్కల వైరస్‌లకు వాడుకలో ఉంది, వందల నమూనాలు ఒకేసారి చూడటానికి బాగుంటుంది. బిగోమోవైరస్‌లు డీఎన్‌ఏ రకం, వాటికి మామూలు పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను లక్షల నకళ్లుగా పెంచి చూసే పరీక్ష) సరిపోతుంది. పైన చెప్పిన మిగతావన్నీ ఆర్‌ఎన్‌ఏ రకాలు, వాటికి ఆర్‌ఎన్‌ఏను ముందు డీఎన్‌ఏగా మార్చి చూసే ఆర్‌టీ-పీసీఆర్ కావాలి. మామూలు పీసీఆర్ మాత్రమే చేయించి "నెగెటివ్ వచ్చింది, కుకుంబర్ మొజాయిక్ లేదు" అనుకున్నవాళ్లు ఉన్నారు. ఖచ్చితమైన పేరు కావాలంటే జన్యుక్రమం చదివించాలి. బిగోమోవైరస్‌లలో పూర్తి డీఎన్‌ఏ-ఏ (వాటి ముఖ్య జన్యు ముక్క) 91 శాతానికి తక్కువ పోలితే దాన్ని వేరే జాతిగా లెక్కిస్తారు, చూపుకు రెండూ ఒకేలా ముడుచుకున్నా సరే.

7. రిపోర్టు వచ్చేదాకా

ఖాళీగా కూర్చోనక్కర్లేదు, దారి ఇప్పటికే తెలుసు కదా. చేతుల దారి అయితే ఆ సాలు పని రోజు చివరకు పెట్టుకోండి, చేతులు సబ్బుతో కడగండి, కత్తెరను మొక్క మొక్కకూ 20 శాతం వెన్న తీసిన పాలపొడి ద్రావణంలో ముంచండి. పాలలోని ప్రొటీన్ వైరస్‌ను కప్పేసి పనిచేయనివ్వదు. పురుగు దారి అయితే తెల్లదోమకు, పేనుబంకకు పసుపు జిగురు అట్టలు, తామర పురుగుకు నీలం అట్టలు పెట్టి, వారం వారం లెక్క రాసుకోండి.

జబ్బు మొక్కను పీకాల్సి వస్తే, ముందు దాని మీద పెద్ద సంచి తొడిగి, మొదలు దగ్గర మూతి బిగించి, ఆ తర్వాతే లాగండి. సంచి లేకుండా లాగితే ఆ కుదుపుకు లేచిన దోమలన్నీ పక్క మొక్కల మీదే వాలతాయి.